వెతుకుపెట్టెకి ఓ స్విచ్చి పెట్టండి మహాప్రభో!

కొన్నాళ్ళ క్రితం ఒక శుక్రవారం రాత్రి 2 గంటలకి ఫోను మోగింది. ఆ వారం ఆన్‌కాల్ నాది కాదు, మా టీములో చేరి ఏడాది కూడా నిండని కుర్రాడిది. సెటిల్‌మెంటు బ్యాచి మధ్యలో ఆగిపోయింది, ఎర్రరు కోడు 4417, క్యూలో పదకొండు వేల చిల్లర మెసేజీలు నిలబడిపోయి ఉన్నాయి. ఇందులో వింతేమీ లేదు. ఇలాంటిది నెలకోటి వస్తూనే ఉంటుంది. రన్‌బుక్కు తెరవడం, అందులో రాసిన నాలుగు స్టెప్పులు చెయ్యడం, మళ్ళీ పడుకోవడం. కానీ వాడు ఫోను చేసింది బ్యాచి ఆగిందని చెప్పడానికి కాదు.

"అన్నా, క్యూ పర్జ్ చేశాక కూడా బ్యాచి లేవట్లేదన్నా."

నిద్రమత్తు దెబ్బకి దిగిపోయింది. "క్యూ పర్జ్ చేశావా? ఎవడు చెయ్యమన్నాడ్రా?"

"నాలెడ్జి బేసులో అడిగితే అదే చెప్పిందన్నా. రెండో స్టెప్పు అది."

విషయం తెలియనివారికోసం చిన్న పిట్టకథ. మా సిస్టము నాలుగో వెర్షనులో ఉన్నప్పుడు క్యూలో ఉండేవి నకళ్ళు మాత్రమే, అసలు మెసేజీలు డేటాబేసులో ఉండేవి. అందుకని ఏదైనా ఇరుక్కుంటే క్యూ ఖాళీ చేసి రీస్టార్టు చేసేవాళ్ళం. అయిదో వెర్షనులో డిజైను మారింది. ఇప్పుడు ప్రాసెసు అయ్యేవరకూ మెసేజీ ఉండేది ఒక్క క్యూలోనే. అయిదో వెర్షను రన్‌బుక్కు పేజీలో ఎర్ర డబ్బాలో రాసి ఉంది, పర్జ్ చెయ్యొద్దు అని. రాసింది నేనే. 4417 అనే కోడు అయిదో వెర్షనులోనే పుట్టింది. పాత వెర్షనులో 4471 ఉండేది, అది వేరే జబ్బు.

మా నాలెడ్జి బేసులో కొత్తగా వెలసిన ఏఐ సెర్చి ఏం చేసిందయ్యా అంటే, మొదటి స్టెప్పు కొత్త పేజీలోంచి తీసింది, రెండోది పాత పేజీలోంచి తీసింది, మూడూ నాలుగూ మళ్ళీ కొత్తదాంట్లోంచి తీసింది. నాలుగూ కలిపి ముత్యాల్లాంటి వాక్యాల్లో, అంకెలు వేసి, ఎక్కడా తడుముకోకుండా రాసిచ్చింది. కింద రెండు లింకులు. రెండూ నిజమైన లింకులే. ఆ పదకొండు వేల చిల్లర మెసేజీలనీ పైనున్న సిస్టముల లాగుల్లోంచి ఏరుకుని తిరిగి తయారుచెయ్యడానికి ముగ్గురం కూర్చుంటే శని, ఆదివారాలు రెండూ పోయాయి.

సోమవారం ఆర్‌సీయే రాయాలి కదా. క్లయింటువారి ఫార్మాట్లో "మూలకారణం" అని ఒక గడి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదలడానికి వీల్లేదు, వాళ్ళిచ్చిన అయిదారు ముక్కల్లోంచి ఒకటి ఎంచుకోవాలి. "మానవ తప్పిదం" అన్నదాన్ని ఎంచింది కూడా నేనే. ఆ ఒక్క ముక్కతో ఆ యేడు వాడి రేటింగు ఒక మెట్టు దిగింది. అప్పట్నుంచీ అది నాకు గొంతులో ముల్లులా ఉంది. ఇవాళ ఈ సోదంతా అందుకే.

లింకులు తెరిచి చూడాల్సింది కదా అంటారు. నేనూ అదే అన్నాను వాడితో. కానీ కాస్త ఆలోచించండి. ఎస్కలేషను గడియారం పరిగెడుతోంది, చాట్‌లో అటువైపునుంచి ఇద్దరు "ఎనీ అప్‌డేట్" అంటున్నారు, కంపెనీ డబ్బు పోసి కొన్న సాఫ్టువేరు, అంతకుముందు పదేళ్ళుగా జనం నమ్మిన అదే పెట్టె, అడిగినదానికి సూటిగా సమాధానం ఇచ్చింది. లింకులు తెరిచి సరిచూసుకునే ఓపికే ఉంటే ఆ సమాధానం దేనికి? ఒక కెనడా కేసు గుర్తొస్తోంది. ఎయిర్ కెనడా వెబ్‌సైటులో ఉన్న చాట్‌బాటు, ఇంట్లో మనిషి పోయిన ఒక ప్రయాణికుడికి, టికెట్టు కొన్నాక కూడా రాయితీకి అప్లై చేసుకోవచ్చని తప్పు చెప్పింది. ఆ జవాబులోనే అసలు పాలసీ పేజీకి లింకు ఉంది. మా పేజీ చదువుకోవలసింది అని కంపెనీ వాదించింది. పైగా బాటు చేసినదానికి బాటుదే బాధ్యత అన్న ధోరణిలో కూడా వాదించింది! 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునలు ఆ వాదన కొట్టేసింది. ఒకే సైటులో ఒక చోట రాసినది నమ్మాలి, ఇంకో చోట రాసినది నమ్మకూడదు అని మామూలు మనిషికి ఎలా తెలుస్తుంది అన్నది దాని సారాంశం. మావాడికి ఆ ట్రిబ్యునలు దొరకలేదు, నేను దొరికాను.

సరే, అసలు విషయానికొద్దాం. ఆ సంఘటనకి సుమారు మూడు నెలల ముందు మేం వాడే నాలెడ్జి బేసు సాఫ్టువేరు అప్‌గ్రేడు అయింది. పేరు చెప్పను, మీరు వాడేది కూడా ఇంచుమించు అంతే. అంతకుముందు పైన ఒక పెట్టె ఉండేది. 4417 అని కొడితే 4417 అన్న అంకె ఉన్న పేజీలు వచ్చేవి, తేదీలతో సహా. అప్‌గ్రేడు తర్వాత ఆ పెట్టెలో ఒక మెరుపు గుర్తు, "ఏదైనా అడగండి" అన్న పిలుపు. పాత సెర్చి ఎక్కడికి పోయింది అని వెతికితే సమాధానం కింద, "మరిన్ని ఫలితాలు" అన్న చోట దొరికింది. అదైనా పాతదేనా అంటే కాదు. కోట్‌లలో పెట్టి కొట్టినా దానికి తోచిన పేజీలు కలుపుతుంది. అడ్మిను పేజీ అంతా గాలించాం. రంగులు మార్చుకోవచ్చు, లోగో మార్చుకోవచ్చు, పిలుపు వాక్యం మార్చుకోవచ్చు. ఆపడానికి మాత్రం లేదు.

నేను అడిగేది ఒక్కటే. నాలెడ్జి బేసులో ఏఐ సెర్చి ఉండనివ్వండి. కానీ కావలసినవాడు వేసుకునేలా ఉండాలి, మొదట ఆపి ఉండాలి, ఆపితే నిజంగా ఆగాలి, ఆపినప్పుడు పాత సెర్చి పాతలాగే పనిచెయ్యాలి.

ఇదేదో పాతకాలం మనిషి గొణుగుడు అనుకునేరు. రోజూ కోడు రాసేటప్పుడు ఏఐ వాడతాను, లేకపోతే చిరాకు పడతాను కూడా. అక్కడ అది తప్పు రాస్తే కంపైలరు తిడుతుంది, టెస్టులు తిడతాయి, రివ్యూలో సీనియరు తిడతాడు. రన్‌బుక్కుకి కంపైలరు లేదు. ప్రొడక్షనే దాని టెస్టు.

అసలు వెతకడం వేరు, అడగడం వేరు. ఈ రెండిటినీ ఒకే పెట్టెలో కుక్కడమే తప్పు. వెతకడం అంటే, ఈ మాట ఉన్న కాగితాలన్నీ నా ముందు పెట్టు, చదువుకుని నేను తేల్చుకుంటాను అని. అడగడం అంటే, నువ్వే చదివి తేల్చి చెప్పు అని. ఆఫీసులో రికార్డు రూము గుమాస్తాని ఫలానా ఫైలు తెమ్మంటే, ఆయన ఫైలు తేకుండా "అందులో ఏముందో నాకు తెలుసులెండి, మీరు సంతకం పెట్టెయ్యండి" అన్నాడనుకోండి. ఆయన ఎంత తెలివైనవాడైనా సరే, సంతకం పెడతామా?

పాత సెర్చి అంటే చిన్నచూపు ఒకటి వచ్చేసింది మనవాళ్ళలో. అది మొద్దుగా పదాలు పోల్చి చూడడం అనుకుంటారు. ఎన్ని పేజీల్లో కనబడే మాటైతే అంత తక్కువ విలువ, అరుదైన మాటకి ఎక్కువ విలువ అన్న సూత్రాన్ని కేంబ్రిడ్జిలో కారెన్ స్పార్క్ జోన్స్ అనే ఆవిడ 1972లో రాసింది. దాని మీద లండన్ సిటీ యూనివర్సిటీలో రాబర్ట్‌సన్, ఆయన సహచరులు 1990లలో కట్టినదే బీఎం25. డగ్ కటింగ్ 1999లో మొదలుపెట్టిన లూసీన్ 2016లో దాన్నే డిఫాల్టు చేసుకుంది. లూసీన్ మీద కట్టిన ఎలాస్టిక్‌సెర్చి మనలో సగంమంది ఏదో ఒక ప్రాజెక్టులో ముట్టుకున్నదే. ఈ సూత్రానికి 4417 అన్న అంకె బంగారు గని. వెయ్యి పేజీల్లో రెండిటిలోనే ఉంది కాబట్టి దానికి విలువ ఎక్కువ, ఆ రెండే పైన వస్తాయి. ఎందుకొచ్చాయి అంటే లెక్క వేసి చూపించొచ్చు. రేపు కొట్టినా, పేజీలు మారనంతవరకూ, అవే వస్తాయి.

వెక్టరు సెర్చి అలా కాదు. పేజీని ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ కొన్ని వందల అంకెల వరసగా మార్చి, అర్థంలో దగ్గరగా ఉన్నవాటిని పట్టుకుంటుంది. "సెలవు పెట్టాలంటే ఎలా" అని అడిగితే "లీవ్ పాలసీ" పేజీ దొరకడం దీని పుణ్యమే. బాగుంది. కానీ 4417కి, 4471కి అర్థం ఏముంటుంది? రెండూ ఎర్రరు కోడులు, రెండూ క్యూ గురించి, రెండూ బ్యాచి గురించి. దాని కళ్ళకి కవల పిల్లలు. మన నాలెడ్జి బేసుల్లో జనం వెతికేవి చూడండి ఓసారి: ఎర్రరు కోడులు, టేబులు పేర్లు, సర్వరు పేర్లు, టికెట్టు నంబర్లు, కాన్ఫిగు కీలు. అన్నీ అర్థంలేని పేర్లే. అర్థాన్ని పట్టుకునే యంత్రాన్ని తెచ్చి అర్థంలేనివాటి మీద కాపలా పెట్టాం. ఇదేదో నా ఒక్కడి అనుభవమూ కాదు. 2021లో బీయర్ అనే బెంచిమార్కు వచ్చింది, 18 రకాల డేటాసెట్లు. తాము శిక్షణ పొందని రంగాల్లో పెట్టి పరీక్షిస్తే కొత్త న్యూరల్ పద్ధతులు చాలావాటికంటే ముసలి బీఎం25 గట్టిగా నిలబడింది. ఆ తర్వాత మోడళ్ళు మెరుగయ్యాయి, కాదనను. కానీ మీ కంపెనీ సర్వరు పేర్ల మీద ఏ మోడలూ శిక్షణ పొందలేదు.

ఇక అన్నిటికంటే నాకు మంట తెప్పించే సంగతి. పాత పెట్టెకి ఒక గొప్ప గుణం ఉండేది. లేకపోతే లేదు అనేది. "ఫలితాలు 0". మొహం మీద తలుపేసినట్టుండేది కానీ, అది సమాధానమే. ఈ కోడు గురించి ఎవరూ ఏమీ రాయలేదు, కాబట్టి తెలిసినవాణ్ణి నిద్ర లేపు అని అర్థం. ఏఐ పెట్టెకి లేదు అనడం చాతకాదు. చాతనైనా మొహమాటం. దగ్గరగా ఉన్నదేదో పట్టుకొచ్చి, "సాధారణంగా ఇలాంటి సందర్భాల్లో" అని మొదలుపెడుతుంది. మన చుట్టాల్లో ఒకాయన ఉంటాడు చూడండి, దారి అడిగితే తెలియదు అనడం నామోషీ అనుకుని ఏదో ఒక వైపు చెయ్యి చూపించేవాడు... సరిగ్గా ఆయనే.

ఈ సున్నా వల్ల ఇంకో లాభం ఉండేది, బయటకి కనబడనిది. నేను నాలెడ్జి బేసు చూసుకునే రోజుల్లో నెలకోసారి ఒక రిపోర్టు తీసేవాణ్ణి: ఏ ఏ మాటలు కొట్టినప్పుడు సున్నా వచ్చింది అని. కొత్త పేజీలు ఏవి రాయాలో అదే చెప్పేది. ఒక నెల్లో ఇరవైమంది ఒకే సర్టిఫికెట్టు రెన్యువల్ గురించి కొట్టి ఉత్త చేతుల్తో వెళ్ళారంటే, ఆ వారం ఆ పేజీ రాయించేవాణ్ణి. అప్‌గ్రేడు తర్వాత ఆ రిపోర్టు ఖాళీ! ప్రతి ప్రశ్నకీ జవాబు దొరికినట్టే లెక్క. వెండరు దీన్ని స్లైడులో పెట్టుకున్నాడు కూడా, విఫలమైన సెర్చిలు సున్నాకి చేరాయని. జ్వరం తగ్గలేదు నాయనా, థర్మామీటరు విరగ్గొట్టారు. పాత పేజీల సంగతీ ఇంతే. రెండు రన్‌బుక్కులు పక్కపక్కన కనబడితే "ఇది పాతది, ఆర్కైవు చెయ్యండి" అని ఎవరో ఒకరు అనేవారు. ఇప్పుడు రెండూ కరిగి ఒక్క పేరాలో కలిసిపోతుంటే పాతది ఉందని ఎవరికి తెలుస్తుంది?

మోడలు దానంతట అది చెప్పకుండా మన పేజీలు చూసి చెబుతుంది కాబట్టి తప్పు రాదు అని సేల్సువాళ్ళు అంటారు. ర్యాగ్ అంటారు దాన్ని. ఆ మాట పుట్టింది 2020 నాటి ఒక పేపరులో. 2024లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు లాయర్లకోసం లెక్సిస్‌నెక్సిస్, థామ్సన్ రాయిటర్స్ అమ్మే ర్యాగ్ పనిముట్లని పరీక్షించారు. డబ్బులు పోసి, సంపాదకుల చేత ఏళ్ళతరబడి శుభ్రం చేయించిన డేటా అది. అయినా 17 నుంచి 33 శాతం ప్రశ్నలకి కల్పితాలో తప్పుడు ఆధారాలో వచ్చాయి. కోర్టు తీర్పుల మీద కట్టినదానికే ఆ గతి పడితే, "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఫైనల్ కొత్తది 2" అన్న పేర్లతో పేజీలుండే మన వికీల మాట చెప్పాలా?

అయితే ఏఐ సెర్చి వల్ల ఉపయోగమే లేదా? ఉంది. తెలుగు సంగతే తీసుకోండి. హైదరాబాదు అని కొడితే హైదరాబాదులో, హైదరాబాదుకి, హైదరాబాదునుంచి అన్నవి మొద్దు సెర్చికి దొరకవు. ప్రత్యయాలన్నీ మాటకి అతుక్కుపోయే భాష మనది. లూసీన్‌లో తెలుగుకి ఒక ఎనలైజరు ఉన్నమాట నిజమే కానీ, దాన్ని తగిలించిన నాలెడ్జి బేసు నేను పనిచేసిన ఏ ఆఫీసులోనూ చూడలేదు. అర్థంతో వెతికేది ఇక్కడ ఆదుకోగలదు. కొత్తగా చేరినవాళ్ళకి కూడా. మన కంపెనీల్లో ప్రతిదానికీ ఒక ముద్దుపేరు ఉంటుంది, ఆ పేరు తెలియకపోతే పాత సెర్చిలో ఏం కొట్టాలో కూడా తెలియదు. హెచ్చార్ పేజీలు, ప్రయాణం ఖర్చులు, ప్రింటరు పనిచెయ్యకపోవడం, ఇలాంటివాటికి దాన్ని హాయిగా వాడుకోవచ్చు. తప్పు చెబితే మహా అయితే ఒక ఫారం తిరగరాస్తాం. కాబట్టే స్విచ్చి అంటున్నాను, నిషేధం అనట్లేదు. హెచ్చార్ స్పేసుకి వెయ్యండి, ఆపరేషన్సు స్పేసుకి ఆపండి. ఎవరి ఇంటి దీపం వాళ్ళు వేసుకుంటారు, ఊరంతటికీ ఒకటే స్విచ్చేమిటి?

స్విచ్చి ఉందంటే సరిపోదు. దొంగ స్విచ్చిలు చాలా చూశాను. మొదటి రకం, కనబడే సమాధానాన్ని దాచేసేది. వెనకాల మీ పేజీలన్నీ ముక్కలవుతూనే ఉంటాయి, వెక్టర్లు తయారవుతూనే ఉంటాయి, మూడో పార్టీ సర్వరుకి వెళ్తూనే ఉంటాయి. ఇది ఆపడం కాదు, దుప్పటి కప్పడం. రెండో రకం, ప్రతి మనిషీ విడివిడిగా, ప్రతి అప్‌గ్రేడు తర్వాత కొత్తగా ఆపుకోవాల్సింది. మూడో రకం ఉందిగానీ ఎక్కడుందో చెప్పరు. ఇందులో మైక్రోసాఫ్టువారిది పాఠ్యపుస్తకంలో పెట్టదగ్గ కథ. కోపైలట్‌ని మైక్రోసాఫ్ట్ 365లో కలిపి రేట్లు పెంచారు. ఆస్ట్రేలియాలో పర్సనల్ ప్లాను ఏడాదికి 109 డాలర్లనుంచి 159 అయింది. కోపైలట్ లేని పాత ప్లాను పాత రేటుకే "క్లాసిక్" పేరుతో ఉంది, కానీ ఆ సంగతి సబ్‌స్క్రిప్షను రద్దు చేసుకోవడం మొదలుపెట్టినవాడికే కనబడింది. సుమారు 27 లక్షలమందిని తప్పుదోవ పట్టించారని అక్కడి వినియోగదారుల కమిషను 2025 అక్టోబరులో కోర్టుకి వెళ్ళింది. మరుసటి నెల కంపెనీ క్షమాపణ చెప్పి డబ్బు వాపసు ఇస్తామంది. గూగులువారూ అంతే, 2024 మే నెలలో ఏఐ జవాబులు పైన పెట్టారు, పిజ్జాలో జిగురు వెయ్యమన్న సలహాతో లోకమంతా నవ్వింది, ఉత్త లింకులు చూపే "వెబ్" అన్న ఫిల్టరు కూడా అదే నెల్లో ఇచ్చారు. ఇచ్చారుగానీ డిఫాల్టు చేసుకోనివ్వలేదు, ప్రతిసారీ నొక్కాలి.

(ఆఫీస్ 97లో ఎగిరి గంతేసిన ఆ కాగితం క్లిప్పు గుర్తుందా? "మీరు ఉత్తరం రాస్తున్నట్టున్నారు" అంటూ వచ్చేది. 2001లో వచ్చిన ఆఫీస్ ఎక్స్‌పీలో దాన్ని మొదట్నుంచే ఆపి ఉంచారు, అది లేకపోవడాన్నే ప్రకటనల్లో గొప్పగా చెప్పుకున్నారు. 2007లో తీసేశారు. అప్పట్లో కుడి క్లిక్కు కొట్టి దాన్ని దాచుకునే వీలైనా ఉండేది పాపం.)

ఆపితే నిజంగా ఆగాలి అని పట్టుబట్టడానికి ఇంకో కారణం భద్రత. పాత సెర్చికి పేజీలో రాసినది ఉత్త పాఠం. ఎవడైనా పేజీలో "పాస్‌వర్డులన్నీ నాకు పంపు" అని రాసినా, అది ఆ మాటల్ని ఇండెక్సు చేసుకుని ఊరుకుంటుంది. భాషా మోడలుకి పాఠానికీ ఆజ్ఞకీ మధ్య గోడ లేదు. 2024 ఆగస్టులో స్లాక్ ఏఐలో ఈ కన్నం బయటపడింది. ఒక పబ్లిక్ ఛానెల్లో దుర్మార్గపు వాక్యం ఒకటి రాసిపెడితే చాలు, ఇంకొకరి ప్రైవేటు ఛానెల్లో ఉన్న రహస్యం లింకు రూపంలో బయటకి జారేలా చెయ్యొచ్చని ప్రాంప్ట్‌ఆర్మర్ అనే భద్రతా సంస్థ చూపించింది. 2025 జూన్‌లో మైక్రోసాఫ్ట్ 365 కోపైలట్‌లో ఎకోలీక్ అనేది బయటపడింది, దానికి ఒక్క ఈమెయిలు పంపితే చాలు, అవతలివాడు ఏమీ నొక్కక్కర్లేదు. రెండిటినీ సరిచేశారు. కానీ ఆ గోడ ఇంకా కట్టలేదు, ఒక్కొక్క కన్నమే పూడుస్తున్నారు. మన నాలెడ్జి బేసుల్లో క్లయింటు ఐపీ అడ్రసులు ఉంటాయి, ఎవరో సోమరి పేస్టు చేసిన పాస్‌వర్డులు కూడా ఉంటాయి, ఉండవని గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. ఈ రిస్కు తీసుకోవాలో వద్దో తేల్చేది ఎవరు? డేటా ఎవరిదో వాళ్ళు. అప్‌గ్రేడు నోటీసు కాదు.

ప్రొడక్టు మేనేజర్లు రెండు వాదనలు చేస్తారు. మొదటిది, వాడకం అంకెలు చూడండి, అందరూ ఏఐ సెర్చే వాడుతున్నారు అని. ఉన్న ఒక్క తలుపుకీ కొత్త పేరు పెట్టి, అందరూ కొత్త తలుపులోంచే వస్తున్నారంటే ఏం చెబుతాం! మొదట ఆపి ఉంచి, ఎంతమంది వేసుకున్నారో లెక్కపెట్టండి, ఆ అంకెని నేనూ నమ్ముతాను.

రెండోది, రెండు రకాల సెర్చిలు మెయిన్‌టెయిను చెయ్యడం ఖర్చు అని. ఇది విన్నప్పుడు ఇంజనీర్లమైన మనం నవ్వాలి. ఏఐ సెర్చి అని అమ్మేవాటిలో చాలావాటి లోపల ఉన్నది ఏమిటి? వెక్టర్లతో ఒక జాబితా, బీఎం25తో ఒక జాబితా, రెండిటినీ ర్యాంకుల ప్రకారం కలిపి, పైనున్న కొన్ని ముక్కల్ని మోడలుకి తినిపించడం. దానికే హైబ్రిడ్ అని పేరు. అంటే పాత సెర్చి చావలేదు, వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. దాని జాబితాని యథాతథంగా హాల్లోకి తీసుకురమ్మంటున్నాం, అంతే. మీడియావికీ చూడండి. తెలుగు వికీపీడియాతో సహా వికీపీడియాలన్నీ నడిచేది దాని మీదే. దానికి డేటాబేసు ఆధారంగా పనిచేసే మామూలు సెర్చి లోపలే ఉంది, ఇంకా పెద్దది కావాలంటే సిరస్‌సెర్చి అనే ఎక్స్‌టెన్షను తగిలించుకోవాలి, వద్దంటే కాన్ఫిగు ఫైల్లో మార్చుకోవాలి. జీతాల్లేని వాలంటీర్లు కూడా చెయ్యి వేసిన సాఫ్టువేరు అలా కట్టగలిగింది. సీటుకింత అని నెలనెలా గుంజేవాళ్ళకి చాతకాదంటే నేను నమ్మను.

ఇందులో మన వాటా కూడా ఉంది. ఈ ప్రొడక్టులు రాసేవాళ్ళలో చాలామంది గచ్చిబౌలిలోనో బెంగుళూరులోనో కూర్చున్న మనవాళ్ళే. స్ప్రింటు ప్లానింగులో "పాత ఎండ్‌పాయింటు డిప్రికేట్ చేద్దాం" అన్న టికెట్టు వచ్చినప్పుడు, అది వాడేది ఎవరు అని ఒక్క ప్రశ్న అడిగేవాడు లేకే ఇంతవరకూ వచ్చింది. కొనేవాళ్ళలోనూ మనవాళ్ళున్నారు. రెన్యువల్ టైములో ధర గురించి నెల రోజులు బేరమాడతాం. ఆపే స్విచ్చి ఉందా, ఆపితే ఇండెక్సు చెరిగిపోతుందా, అప్‌గ్రేడులో మళ్ళీ దానంతటది వెలగదని రాసిస్తారా, ఈ మూడు ముక్కలు ఆర్‌ఎఫ్‌పీలో పెట్టినవాణ్ణి నేనింకా చూడలేదు. మొన్నటి రెన్యువల్‌కి మా తరఫున నేను పెట్టాను. మొదటిదానికి "రోడ్‌మ్యాపులో ఉంది" అని వచ్చింది. రెండోదానికి ఒక వైట్‌పేపరు పంపారు, అందులో నా ప్రశ్న తప్ప అన్నీ ఉన్నాయి. మూడోదానికి ఇంకా జవాబు లేదు.

4417 మీద వెండరుకి టికెట్టు కూడా వేశాను. రెండు పేజీలు, వాటి తేదీలు, వచ్చిన సమాధానం, స్క్రీన్‌షాట్లు అన్నీ జతచేసి. "ఉద్దేశించిన విధంగానే పనిచేస్తోంది, సమాధానాలని వాడేముందు సరిచూసుకోగలరు" అని రాసి మూసేశారు. ఆ జవాబు పట్టుకుని ఆర్‌సీయేలో ఆ గడి మార్చమని క్లయింటు మేనేజరుని అడిగాను. ఆయన మంచివాడే. కానీ జాబితాలో "మానవ తప్పిదం" పక్కన ఉన్నవి హార్డువేరు, నెట్‌వర్కు, సాఫ్టువేరు బగ్గు, థర్డ్ పార్టీ. ఉద్దేశించిన విధంగానే పనిచేస్తోందని వెండరే రాసిచ్చాక బగ్గు అని ఎలా రాస్తామండీ అన్నాడు. థర్డ్ పార్టీ అంటే లీగలువాళ్ళు రావాలిట.

ఈలోగా మావాడు ఒక పని చేశాడు. నాలెడ్జి బేసుకి ఎక్స్‌పోర్టు ఏపీఐ ఇంకా మిగిలే ఉంది. రోజూ రాత్రి ఆపరేషన్సు స్పేసులో పేజీలన్నీ ఉత్త టెక్స్టు ఫైళ్ళుగా దింపి ఒక గిట్ రిపాజిటరీలో పెట్టే స్క్రిప్టు రాశాడు, నలభై లైన్లు కూడా లేదు. ఆన్‌కాల్‌లో ఉన్నవాళ్ళందరం ఇప్పుడు దాంట్లోనే గ్రెప్ కొడుతున్నాం. లక్షలు పోసి కొన్న సాఫ్టువేరు పక్కన, 1970లనాటి యూనిక్సు పనిముట్టు. రంగులు లేవు, మెరుపులు లేవు.

మొన్న మంగళవారం తెల్లవారుజామున 3 గంటలకి మళ్ళీ ఫోను.

"అన్నా, 4432 వచ్చిందన్నా. గ్రెప్ కొట్టాను, మన దగ్గర ఎక్కడా లేదన్నా. ఏదీ ముట్టుకోలేదు."

లేచి కూర్చుని లాప్‌టాప్ తెరిచాను.